కరువును కరువనే రాసిన బ్రౌన్ దొర

కడప పట్టణంలో ఎర్రముక్కపల్లి దగ్గర సి.పి. బ్రౌన్ పేరు మీద ఒక గ్రంథాలయం ఉంది. కోర్టు పనులకో, ఆస్పత్రికో పల్లెల నుంచి కడపకు వచ్చేవారిలో చాలామంది ఆ పేరు చూసే ఉంటారు. బ్రౌన్ అంటే తెలుగుకు నిఘంటువు రాసిన దొర అని బడి పిల్లలకు తెలుసు. వేమన పద్యాలు వెతికించి అచ్చువేయించిన దొర అని పెద్దలు చెబుతారు. రెండూ నిజమే. అయితే ఆయన బతుకంతా ఒక చిక్కు చుట్టూ తిరిగింది. ఫలానా ఇంగ్లీషు మాటకు తెలుగులో సరిపోయే మాట ఏది? రైతు నోటి నుంచి వచ్చిన ఫలానా తెలుగు మాటను ఇంగ్లీషులో ఏ మాటతో చెప్పాలి? వినడానికి ఇది పంతుళ్లు తీరిక వేళ పెట్టుకునే వాదంలా ఉంటుంది. కాని కుంఫిణీ ప్రభుత్వం నడిచిన రోజుల్లో మాట ఒకటి జారితే చేను చేజారే అవకాశం ఉండేది. ఒక సందర్భంలో అయితే ఒకే ఒక్క ఇంగ్లీషు మాట దగ్గర ఆయనకూ, పై అధికారులకూ పేచీ వచ్చింది. ఆ మాట వెనక ఉన్నవి ఆకలితో పోతున్న ప్రాణాలు.

కలకత్తా నుంచి కడపకు

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, అనేక భాషలు తెలిసినవాడు. హీబ్రూ, గ్రీకు, పారసీ, హిందూస్తానీ వంటి భాషలను కొడుక్కి ఇంట్లోనే పరిచయం చేశాడు. 1812లో తండ్రి మరణించగా కుటుంబం ఇంగ్లండు చేరింది. కుంఫిణీ కొలువులోకి వచ్చే కుర్రాళ్లకు చదువు చెప్పే హెయిలీబరీ కళాశాలలో బ్రౌన్ చదివారు. 1817 ఆగస్టు 4న ఓడ దిగి మద్రాసులో అడుగుపెట్టేనాటికి ఆయనకు ఇంకా పంతొమ్మిదేళ్లు నిండలేదు. తెలుగు మాత్రం అప్పటికి ఒక్క ముక్క రాదు.

మద్రాసు కోటలోని కళాశాలలో కొత్త ఉద్యోగులు దేశభాషలు నేర్చి పరీక్ష ఇవ్వాలి. అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు గారి దగ్గర బ్రౌన్ అక్షరాలు దిద్దారు. అప్పటికి ఇంగ్లీషువారు తెలుగు నేర్చుకోవడానికి అచ్చయిన పుస్తకాలు చాలా కొద్ది. కేరీ వ్యాకరణం 1814లోనూ, ఏ.డి. క్యాంబెల్ వ్యాకరణం 1816లోనూ వచ్చాయి. క్యాంబెల్ నిఘంటువు 1821లో గాని రాలేదు.

1820లో పరీక్ష గట్టెక్కిన బ్రౌన్‌ను కడప కలెక్టరు హాన్‌బరీ దగ్గర సహాయకుడిగా వేశారు. హాన్‌బరీ తెలుగు ధారాళంగా మాట్లాడేవాడు. అది చూసిన యువకుడికి తన తెలుగు ఏపాటిదో అర్థమై ఉంటుంది. పంతులు గారి దగ్గర కావ్యభాషలో నేర్చిన తెలుగు వేరు, కచేరీ అరుగు మీద కూర్చున్న రైతు మాట్లాడే తెలుగు వేరు. మరుసటి ఏడే కడపలో బ్రౌన్ రెండు ఉచిత పాఠశాలలు పెట్టించారు. ఆ వయసు ఉద్యోగులు చాలామంది వేటలోనూ, విందుల్లోనూ పొద్దుపుచ్చే కాలమది.

మా చేను, మన చేను

ఆనాటి కచేరీ ఎలా నడిచేదో ఊహించుకోవాలి. రైతు తన గోడు తెలుగులో చెప్పేవాడు. గుమాస్తా దాన్ని మరాఠీ, పారసీ మాటలు కలిసిన కచేరీ భాషలో రాసేవాడు. దుబాసీ ఇంగ్లీషులో వినిపించేవాడు. దొర ఇంగ్లీషులో ఉత్తర్వు రాస్తే అది మళ్లీ వచ్చిన దారినే తిరిగి రైతు చెవిన పడేది. ఒక్కో మెట్టు దగ్గర అర్థం కొంత కారిపోయేది.

ఒక చిన్న మాట చూడండి. మనం మా చేను అంటాము, మన చేను అంటాము. మా చేను అంటే వినేవాడికి అందులో వాటా లేదు. మన చేను అంటే ఉంది. ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట, అవర్. దాయాదుల తగువులో సాక్షి మా చేను అన్నాడో, మన చేను అన్నాడో ఇంగ్లీషు కాగితం మీద కనిపించదు. తగువంతా ఆ ఒక్క అక్షరంలోనే ఉండవచ్చు.

ఇంకొకటి ఉంది. శిస్తు కడతాను అంటాడు రైతు. ఏటా తప్పకుండా కట్టే అలవాటు ఉన్నవాడూ అలాగే అంటాడు, ఇంకా కట్టనివాడు ఇకముందు కడతానని మాట ఇచ్చేటప్పుడూ అలాగే అంటాడు. తెలుగులో ఒకే క్రియ రెండు పనులూ చేస్తుంది. ఇంగ్లీషులో మొదటిదానికి ఐ పే అనాలి, రెండోదానికి ఐ విల్ పే అనాలి. మొదటిది చెప్పినవాడి నోట రెండోది పెడితే, నిక్కచ్చిగా కట్టేవాడు బకాయిదారుడుగా తేలతాడు.

అప్పు సంగతీ అంతే. మనకు అప్పు ఒకటే, ఇచ్చినా అప్పే, తెచ్చినా అప్పే. ఇంగ్లీషులో ఇవ్వడం లెండ్, తెచ్చుకోవడం బారో. హైస్కూలు పిల్లలు ఈ రెండు మాటలనూ నేటికీ తారుమారు చేసి మార్కులు పోగొట్టుకుంటుంటారు. కోర్టు కాగితంలో తారుమారైతే పోయేది మార్కులు కాదు గదా!

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చేటప్పుడు చిక్కు తిరగబడుతుంది. ఇంగ్లీషువాడికి కర్ర, కుండ, తాడు, మాట అన్నీ బ్రేక్ అవుతాయి. మనకు కర్ర విరుగుతుంది, కుండ పగులుతుంది, తాడు తెగుతుంది, మాట తప్పుతుంది. కుండ తెగిందంటే పసిపిల్లలు కూడా నవ్వుతారు. వాళ్లకు రైస్ ఒకటే. మనకు కళ్లంలో వడ్లు, చేటలో బియ్యం, కంచంలో అన్నం. బ్రేక్ అంటే విరుగు, రైస్ అంటే బియ్యం అని ఎదురెదురు మాటలు రాసుకుంటూ పోయే నిఘంటువు ఇక్కడ ఎందుకూ కొరగాదు. ఏ మాట ఏ సందర్భంలో వాడతారో వాక్యంతో సహా చూపించాలి. బ్రౌన్ తరువాతి రోజుల్లో చేసిన పని అదే.

వేమన పిలుపు

1822లో ఆయనను మచిలీపట్నానికి మార్చారు. అక్కడ 1824లో దుబాయ్ అనే ఫ్రెంచి మతాచార్యుడు రాసిన పుస్తకంలో వేమన ప్రస్తావన ఆయన కంటపడింది. నాటి పండితులు పెద్దగా లెక్కచేయని కవి పద్యాలను బ్రౌన్ ఊరూరా వెతికించారు. తాటాకు పొత్తాలు తెప్పించి, కాగితం మీద నకళ్లు రాయించి, ప్రతిని ప్రతితో పోల్చి చూశారు. 1825లో రాజమండ్రి చేరాక తిప్పాభట్ల వెంకట శివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య గార్ల దగ్గర ఛందస్సు నేర్చారు. 1829లో 693 వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో మద్రాసులో అచ్చయ్యాయి.

వేమనను ఇంగ్లీషు చేయడం బ్రౌన్‌కు మంచి బడి అయింది. ఆ పద్యాల్లో పెద్ద పెద్ద సమాసాలు లేవు. ఉప్పు, కర్పూరం, కుక్క, చెప్పు, పూజారి, పిసినారి ఉన్నారు. ఇంటి మాటకు ఇంగ్లీషులోనూ ఇంటి మాటే వెతకాలి. వేమన భాష పల్లెవాళ్ల భాష కాబట్టే ఇంగ్లీషువాడు తెలుగు నేర్చుకోవడానికి అది మొదటి మెట్టుగా పనికివస్తుందని ఆయన గ్రహించారు.

1826లో మళ్లీ కడపకు బదిలీ అయింది. ఈసారి తోటతో కూడిన బంగళా ఒకటి సొంతంగా కొన్నారు. జూలూరి అప్పయ్య, పైడిపాటి వెంకట నరసయ్య వంటి పండితులనూ, లేఖకులనూ తన జీతంలోంచి డబ్బిచ్చి ఆ బంగళాలో నియమించారు. బ్రౌన్ కాలేజీ అని దానికి పేరు వచ్చింది. ప్రభుత్వం కాసు ఇవ్వలేదు. ఈ ఖర్చుల వల్ల ఆయన అప్పులపాలయ్యారు. పండితులు చేసిన పని ఎంతటిదో కూడా చెప్పుకోవాలి. దొర పేరు నిలిచినంతగా ఆ లేఖకుల పేర్లు నిలవలేదు. వారిలో చాలామంది ఊరూ పేరూ మనకు మిగలలేదు.

నందన కరువు

1832-33లో బ్రౌన్ గుంటూరులో ఉద్యోగం చేస్తున్నారు. నందన నామ సంవత్సరం అది. వానలు లేవు, పైరు లేదు, గింజ లేదు. జనం ఎముకల గూళ్లయి రోడ్ల పక్కన రాలిపోయారు. డొక్కల కరువు అని తరతరాలు చెప్పుకున్నది దాన్నే. గుంటూరు జిల్లాలో ఉన్న సుమారు 5 లక్షల జనాభాలో 2 లక్షల దాకా నశించారని అంచనా.

అప్పుడు బ్రౌన్ పై అధికారులకు రాసిన ఉత్తరాల్లో ఫామిన్ అనే మాట వాడారు. పైవారికి ఆ మాట నచ్చలేదు. దాన్ని వాడినందుకు ఆక్షేపించారు.

ఎందుకు నచ్చలేదో రాయలసీమ రైతులకు విడమరచి చెప్పనక్కరలేదు. మనకు కరువు అనే మాట ఒకటే ఉంది. వాన కురవకపోయినా కరువే, గింజ దొరకకపోయినా కరువే, తిండి లేక మనిషి చచ్చినా కరువే. ఇంగ్లీషులో వీటికి వేరు వేరు మాటలున్నాయి. వానలు ముఖం చాటేస్తే డ్రాట్. సరుకు తక్కువై ధర మండితే స్కేర్సిటీ. తిండిలేక జనం మూకుమ్మడిగా చస్తే ఫామిన్. నేడు ప్రభుత్వం కరువు మండలాలు ప్రకటించినప్పుడు ఇంగ్లీషు ఉత్తర్వులో ఉండేది డ్రాట్ అనే మాటే. తెలుగు పత్రికలో మాత్రం కరువు అనే వస్తుంది.

ఈ మాటల్లో ఏది రాస్తే దానికి తగిన బాధ్యత మీద పడుతుంది. స్కేర్సిటీ అని రాస్తే వర్తకులు సరుకు తెస్తారు, ధరలు అవే సర్దుకుంటాయి అని కచేరీలో కూర్చుని చెప్పవచ్చు. ఫామిన్ అని రాస్తే శిస్తు ఎందుకు వసూలు చేస్తున్నారని, గంజి ఎందుకు పోయడం లేదని, ఇంతమంది ఎలా చచ్చారని ప్రశ్న వస్తుంది. లండన్‌లో ఉన్న కుంఫిణీ పెద్దలకు జవాబు చెప్పాలి. బ్రౌన్‌కు ఆ మాటల తేడా తెలియక కాదు. తెలిసే ఆ మాట ఎంచుకున్నారు. కళ్లెదుట ఉన్నదానికి సరిపోయే మాట అదొక్కటే.

తరువాత చాలా ఏళ్లకు, 1876-78లో ధాత కరువు కడప, బళ్లారి, కర్నూలు ప్రాంతాలను ఊడ్చిపెట్టాక, 1880లో ఫామిన్ కమిషన్ నివేదిక ఇచ్చింది. దరిమిలా వచ్చిన ప్రభుత్వ నిబంధనల్లో స్కేర్సిటీ ఎక్కడ ఆగుతుందో, ఫామిన్ ఎక్కడ మొదలవుతుందో గీత గీశారు. మాట రాయడానికే జంకే పరిస్థితి కొంతైనా తగ్గింది. అప్పటికి బ్రౌన్ ఎనభై దాటిన ముసలివాడు, లండన్‌లో ఉన్నారు.

లండన్ పొత్తాలు

1834లో బ్రౌన్ ఉద్యోగం పోయింది. మరుసటి ఏడు లండన్ చేరారు. చేతిలో పని లేకపోయినా ఊరుకోలేదు. కుంఫిణీ వారి ఇండియా హౌస్‌లో దక్షిణదేశ భాషల లిఖిత గ్రంథాలు దుమ్ముకొట్టుకుని పడి ఉన్నాయి. వాటిని విప్పి, చూసి, 2,106 పొత్తాలను మద్రాసుకు తిరిగి పంపే ఏర్పాటు చేయించారు. ఓడల మీద పోయిన పుస్తకాలు ఓడల మీద వెనక్కి రావడం ఆ కాలానికి చాలా అరుదు. కొంతకాలానికి కుంఫిణీ వారు ఆయనను మళ్లీ కొలువులోకి తీసుకుని, పారసీ అనువాదకుడుగా మద్రాసుకు పంపారు. తరువాత పోస్టుమాస్టర్ జనరల్ పని, ప్రభుత్వ తెలుగు అనువాదకుడి పని కూడా చేశారు. ఉద్యోగం పగలు, నిఘంటువు తెల్లవారుజామున, రాత్రి వేళ అన్నట్లు సాగింది.

నిఘంటువులు

1840లో ఆయన తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో వచ్చింది. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసు వేపేరిలోని క్రైస్తవ సంఘం అచ్చుకూటంలో వెలువడింది. కావ్యాల మాటలతో పాటు వ్యవహారంలో నలిగే మాటలను కూడా ఒకే వరుసలో కూర్చోబెట్టడం అందులోని విశేషం. పండితులకు ఇది మింగుడుపడలేదు. కవి వాడని మాటకు నిఘంటువులో చోటేమిటని వారి అభ్యంతరం. రైతు వాడే మాట తెలియకుండా కలెక్టరు ఏం చేస్తాడని బ్రౌన్ ఆలోచన.

ఇంగ్లీషు-తెలుగు నిఘంటువుది మరో దారి. దాన్ని ఇంగ్లీషు నేర్చుకునే తెలుగువారిని దృష్టిలో పెట్టుకుని చేశారు. ఇంగ్లీషు నుడికారాన్ని తెలుగులో వివరించడం, ఆ మాటను ఎలా పలకాలో చెప్పడం తమ ఉద్దేశమని పుస్తకం పేరులోనే పెట్టారు. పలకడం గురించి ప్రత్యేకంగా చెప్పడం ఎందుకంటే, తెలుగులో రాసింది రాసినట్టు చదివితే సరిపోతుంది. ఇంగ్లీషులో నైఫ్ అనే మాట కె అక్షరంతో మొదలవుతుంది, ఆ కె ఎక్కడా వినిపించదు. ఈ సంగతి ఎవరైనా చెప్పకపోతే అక్షరాలు చూసి చదివే కుర్రవాడు బోల్తాపడక తప్పదు.

1853లో ఇంగ్లీషు, తెలుగు సంభాషణల పుస్తకం కూడా అచ్చయింది. రోజువారీ వ్యవహారంలో ఏ మాట ఎలా అంటారో ఎదురెదురుగా చూపించే పుస్తకమది. అదే ఏడు మద్రాసులోనే చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడింది. ఒకటి గ్రాంథిక భాషకు మకుటం, ఇంకొకటి వీధి మాటలకు పద్దు. తెలుగు బడులు చాలాకాలం మొదటిదాన్నే నెత్తిన పెట్టుకున్నాయి.

అన్నిటికన్నా మన కచేరీలకు దగ్గరది 1854లో వచ్చిన మిశ్రభాషా నిఘంటువు. రసీదు, దస్తావేజు, జమాబందీ, జామీను, అప్పీలు వంటి పరాయి మాటలు అప్పటికే తెలుగు రైతు నోట నానిపోయాయి. అవి తెలుగు కావని పండితులు పక్కన పెట్టారు. కాని దస్తావేజు అంటే తెలియనివాడు సొంత ఇల్లు నిలబెట్టుకోలేడు. ఇలాంటి మాటల కోసమే బ్రౌన్ ఒక నిఘంటువు కేటాయించారు. కచేరీ మాటలను ఇంగ్లీషు లిపిలో రాసి అర్థం చెప్పే జిల్లా నిఘంటువు అని ఇంకొక చిన్న పుస్తకం కూడా 1852లో వేశారు.

బ్రౌన్ రాసిందంతా శిరోధార్యమని కాదు. పండితుల విషయంలో ఆయన కలం కటువుగా నడిచింది. తెలుగు కవుల మీద తొందరపడి తీర్పులు చెప్పిన చోట్లున్నాయి. నిఘంటువులోనూ సవరించవలసినవి మిగిలాయి. 1903లో వెంకటరత్నం, క్యాంబెల్, కందుకూరి వీరేశలింగం గార్లు తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును సవరించి మళ్లీ వెలువరించారు. ఇక్కడి క్యాంబెల్ వేరు, మునుపు చెప్పిన వ్యాకరణకర్త వేరు. పేరులు కలవడం చేత చాలామంది పొరబడుతుంటారు.

చివరి రోజులు

1855లో బ్రౌన్ ఉద్యోగం విరమించి లండన్ వెళ్లిపోయారు. పెళ్లి చేసుకోలేదు. ముసలితనంలో లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడుగా ఉన్నారు. తన సాహిత్య జీవితం గురించి ఒక చిన్న పుస్తకం కూడా రాసుకున్నారు. 1884 డిసెంబరు 12న తన 86 ఏళ్ల వయసులో కన్నుమూశారు. లండన్‌లోని కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది.

కడపలో ఆయన నివసించిన బంగళా కాలక్రమాన శిథిలమై మొండి గోడలు మిగిలాయి. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి, చందాలు పోగుచేసి, ఆ స్థలంలోనే గ్రంథాలయం కట్టించారు. 1987లో దానికి శంకుస్థాపన జరిగింది. ఇప్పుడది సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంగా యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో నడుస్తోంది. ఆయన నిఘంటువులు ఇప్పుడు కంప్యూటర్లలోకి, సెల్‌ఫోన్లలోకి కూడా వచ్చేశాయి. ఇంగ్లీషు మాట కొట్టి అర్థం చూసుకునే పల్లె పిల్లలకు ఆ అర్థం వెనక కడప బంగళా ఉందని తెలియకపోవచ్చు. ఆయన సేకరించిన రాత ప్రతులు చాలావరకు మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి.